పసుపచ్చ పుస్తకంలో అంకెలు

బుల్లెమ్మ వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టేసరికి కోడలు వెంకటదుర్గ అప్పటికే వరండా మెట్టు మీద కూర్చుని లేసు అల్లుతోంది. తెల్లదారం ఉండ ఆమె ఒళ్లో ఉంది. సూది కొన లోపలికి వెళ్లి దారాన్ని పట్టుకుని బయటికి వస్తోంది. పెదవులు కదుపుతూ కుట్లు లెక్కపెట్టుకుంటోంది. పక్కన చాప మీద నిన్న పూర్తయిన పువ్వులు ఏడెనిమిది పరిచి ఉన్నాయి.

వంటింటి గుమ్మంలో నిలబడి బుల్లెమ్మ కోడలి కేసి చూసింది. నేరుగా చూడలేదు. గుమ్మానికి వేలాడే తువ్వాలు సర్దుతున్నట్టు ఓరగా చూసింది. పది నెలలుగా ఆమె కోడల్ని ఇలాగే చూస్తోంది.

“అత్తయ్యా, పాలు చూడండి. పొంగుతాయి.”

“పొంగవులే. నేనిక్కడే ఉన్నాగా.”

“మీరిక్కడున్నారు గానీ పాలు అక్కడున్నాయి కదండీ.”

ఆ మాట పూర్తవకముందే పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. స్నానానికి వెళ్తున్న సత్యప్రసాద్ వంటింట్లోకి తొంగి చూశాడు.

“ఏంటమ్మా, ఈ వారంలో ఇది మూడోసారి. పాలు పోసేవాడితో నీకేమన్నా ఒప్పందమా?”

“నోర్ముయ్యరా. పొద్దున్నే పాలు పొంగితే మంచిదే,” అంది బుల్లెమ్మ. మంచిదన్న మాట నోటివెంట వచ్చేసినందుకు వెంటనే నాలుక కరుచుకుంది.

వెంకటదుర్గ గట్టిగా నవ్వింది. నవ్వు ఆగాక మళ్లీ మొదటినుంచీ కుట్లు లెక్కపెట్టుకుంది.

కాఫీ తాగాక ఆమె అలమరలోంచి తెల్లడబ్బా తీసి ఒక గుళిక మింగింది. ఆ మందుకి పేరు లేదు. డబ్బా మీద కంపెనీ పేరు బదులు నాలుగంకెల నెంబరొకటి ఉంటుంది, అంతే. అందుకే ఇంట్లో అందరూ దాన్ని నెంబరు మందు అంటారు. ఇంకా బజారులోకి రాని మందు. పనిచేస్తుందో లేదో చూడటానికి రాజమండ్రిలో ఒక ఆసుపత్రి వాళ్లు కొందరికి ఇస్తున్నారు. ఆ కొందరిలో వెంకటదుర్గ ఒకతె.

ఎనిమిదింటికి ఆ ఆసుపత్రి నుంచే ఫోన్ వచ్చింది. సత్యప్రసాద్ తడి తల తుడుచుకుంటూ మాట్లాడాడు. మొదట “ఆ, చెప్పండి మేడం” అన్నాడు. తర్వాత తువ్వాలు భుజం మీద వేసుకుని వింటూ నిలబడ్డాడు. చివరికి “అదెలాగండీ” అని రెండుసార్లు అని ఫోన్ పెట్టేశాడు.

“ఏంటండీ?” అంది వెంకటదుర్గ.

“మందు ఆపేస్తున్నారంట. కంపెనీ వాళ్లే మానుకున్నారంట. ఇది బజారులోకి రాదంట ఇంక.”

“ఎందుకని?”

“పని చెయ్యట్లేదంట.” అతను భార్య చేతిలోని లేసు పువ్వు వైపు చూశాడు. “పని చెయ్యకపోవడం ఏంటి? రేపు మిగిలిన మందూ పుస్తకమూ పట్టుకుని రమ్మన్నారు.”

వెంకటదుర్గ సూదిని దారం ఉండలో గుచ్చి పక్కన పెట్టింది. పుస్తకం అన్న మాట వినగానే బుల్లెమ్మ చేతిలోని గ్లాసు పళ్లెం అంచుకి తగిలి చప్పుడైంది.

* * *

మూడేళ్ల కిందట వెంకటదుర్గకి ఆ జబ్బు వచ్చినప్పుడు అది జబ్బని ఎవరికీ తెలియలేదు. నరసాపురంలో ఆమె అల్లినంత సన్నటి లేసు ఆ వీధిలో ఎవరూ అల్లేవారు కాదు. అలాంటిది సూది ముట్టుకోవడం మానేసింది. తర్వాత తల దువ్వుకోవడం మానేసింది. కూతురు కాకినాడలో నర్సింగు చదువుతోంది, ఇంట్లో ఏ లోటూ లేదు, కారణం ఏంటని వచ్చినవాళ్లందరూ అడిగేవారు. కారణం చెప్పలేక ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. పొద్దున గోడ వైపు తిరిగిన మనిషి సాయంత్రం దాకా అలాగే ఉండేది.

ఒకరోజు ఇంట్లో కనిపించలేదు. సత్యప్రసాద్ రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేవాళ్లకి టికెట్లు ఇచ్చే పని చేస్తాడు. తన బల్లకి నలభై అడుగుల దూరంలో, గోదావరి గట్టు మీద, చెప్పులు పక్కన విడిచి భార్య కూర్చుని ఉందని అతనికి మధ్యాహ్నం దాకా తెలియలేదు. పంటు ఎన్నిసార్లు అవతలి ఒడ్డుకి వెళ్లి వచ్చినా ఆమె టికెట్టు కొనలేదు, ఇంటికీ రాలేదు. ఆ చెప్పులు చేత్తో పట్టుకుని ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

రెండు మూడు రకాల మందులు వాడారు. ఒకటి వేస్తే నిద్ర, ఒకటి వేస్తే వాంతులు. అప్పుడు రాజమండ్రిలో డాక్టరు శశిభూషణ్ ఈ కొత్త మందు సంగతి చెప్పాడు. సగం మందికి అసలు మందు ఇస్తారని, సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్త గుళిక ఇస్తారని, ఎవరికి ఏది వెళ్తోందో తనకి కూడా తెలియదని విడమరిచి చెప్పి, ఇష్టమైతేనే సంతకం పెట్టమన్నాడు. వెంకటదుర్గ తనే సంతకం పెట్టింది.

మందుతో పాటు నెలకొక పసుపచ్చ పుస్తకం ఇచ్చేవారు. రోజుకొక గీత. “ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?” అని అచ్చు వేసి ఉండేది. అసలేం బాగోకపోతే సున్నా, పూర్తిగా బాగుంటే పది. రోగి చెప్పిన అంకెను ఇంట్లోవాళ్లు ఒకరు రాసి సంతకం పెట్టాలి. ఆ పని బుల్లెమ్మ తీసుకుంది.

ఆమె బడికి వెళ్లింది లేదు. పెళ్లయ్యాక కిరాణా పొట్లాల కాగితాలు విప్పి, పాత వారపత్రికలు తెచ్చుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. డాక్టరు పుస్తకం ఆమె చేతిలో పెట్టినప్పుడు, డెబ్భయ్యేళ్లకి తనకొక ఉద్యోగం వచ్చినట్టు కొంగుతో తుడిచి మరీ అందుకుంది.

మొదటి రెండు వారాలూ కోడలు ఒకటి అంటే ఒకటి, రెండు అంటే రెండు రాసింది. మూడో వారంలో ఒక సాయంత్రం వెంకటదుర్గ మంచం మీద లేచి కూర్చుని, “ఇవాళ అయిదు అత్తయ్యా,” అంది. బుల్లెమ్మ కలం కాగితానికి ఆన్చింది. అయిదు రాయలేకపోయింది. రెండు రాసింది. ఆ తర్వాత కోడలు ఆరన్నా ఏడన్నా ఎనిమిదన్నా, పుస్తకంలో మూడే పడింది. మరీ ధైర్యం చేసిన రోజున నాలుగు.

ఈ సంగతి ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. తొమ్మిది పుస్తకాలు ఆసుపత్రికి చేరాయి. పదోది ఆమె ట్రంకుపెట్టెలో చీరల కింద ఉంది.

* * *

సత్యప్రసాద్ ఆ రోజు డ్యూటీకి వెళ్లలేదు. వరండాలో అటూ ఇటూ తిరిగాడు.

“వాళ్లని ఊరికే వదలను. పని చెయ్యట్లేదని ఏ ముఖం పెట్టుకుని అంటారు? ఈ మనిషిని చూడమనండి.”

“నన్ను చూపించడానికి నేనేమన్నా సంతలో గేదెనా?” అంది వెంకటదుర్గ. నవ్వించాలని అన్న మాటే గానీ గొంతులో నవ్వు లేదు.

“నీకు తెలీదు, ఊరుకో. మన దగ్గర రుజువుంది. అమ్మ రోజూ రాసింది కదా. పది నెలలు, ఒక్కరోజు కూడా మానకుండా. ఆ పుస్తకం బల్ల మీద పెట్టి, ఇది చూసి చెప్పండి పని చేసిందో లేదో అంటాను. ఏమ్మా?”

బుల్లెమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

“అమ్మా, నిన్నే.”

“విన్నాన్రా.”

మధ్యాహ్నం కొడుకు ఎవరినో సలహా అడగడానికి రేవులోకి వెళ్లాడు. కోడలు పూర్తయిన పువ్వులు ఇచ్చి రావడానికి లేసు ఏజెంటు పెద్దింట్లమ్మ ఇంటికి వెళ్లింది. బుల్లెమ్మ తలుపు దగ్గరగా వేసి, ట్రంకుపెట్టె తెరిచి పుస్తకం తీసింది. పేజీ నిండా మూళ్లు. నీలం సిరా. తన చేత్తో తీర్చిదిద్దినట్టు రాసిన మూళ్లు.

మూడుని ఎనిమిది చెయ్యడం పెద్ద పని కాదు. ఎడమవైపు రెండు వంపులు కలిపితే చాలు. కొడుకు అలమరలోని కలం తెచ్చి మొదటి గీతలో మూడుని మూసేసింది. ఎనిమిది అయింది. ఎవరో గుమ్మంలో నిలబడి చదువుతున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. రెండో మూడు మీద కలం పెట్టింది గానీ చెయ్యి కదలలేదు. పుస్తకం మూసి మళ్లీ చీరల కిందికి తోసేసింది.

* * *

మర్నాడు తెల్లవారి ఆరుంపావు బస్సుకి వెళ్లాలి. సత్యప్రసాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని తల్లి ముందు చెయ్యి చాచాడు.

“పుస్తకం ఇవ్వమ్మా.”

“నేను పట్టుకొస్తాలేరా. నేనూ వస్తున్నాగా.”

“బస్సులో ఎక్కడన్నా పెట్టి మర్చిపోతావు. ఇలా ఇయ్యి.”

ఇచ్చింది. అతను నిలబడే తిప్పాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. మళ్లీ మొదటికి వచ్చాడు.

“ఇదేంటి? ఇది ఏ నెలది?”

“ఈ నెలదే.”

“మూడు, మూడు, మూడు, నాలుగు, మూడు… దుర్గా, నువ్వు అమ్మకి ఇలా చెప్పావా?”

వెంకటదుర్గ దగ్గరికొచ్చి చూసింది. ఆమె వేలు మొదటి గీత మీద ఆగింది. “ఇదొక్కటే ఎనిమిది. ఇది నల్ల సిరా,” అంది నెమ్మదిగా. తర్వాత అత్తగారి ముఖంలోకి చూసింది. “అత్తయ్యా, నేను రోజూ ఏడూ ఎనిమిదీ చెప్పాను కదండీ.”

“చెప్పావమ్మా.”

“మిగతా పుస్తకాలు?”

బుల్లెమ్మ గోడకి ఆనుకుంది. “అన్నీ ఇంతే.”

వీధిలో ఎవరి సైకిలో బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

“ఎందుకమ్మా?” అన్నాడు సత్యప్రసాద్. “నీకేం ద్రోహం చేసింది అది?”

“ద్రోహమా? ఒరేయ్, దిష్టి తగులుతుందనిరా. బాగుందని రాస్తే… రాసిన మాట నిలవదురా. నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

అప్పుడు చెప్పింది. ముప్పయ్యారేళ్లుగా ఎవరికీ చెప్పని మాట.

“నేను రాయడం నేర్చుకున్నాక మొదటి ఉత్తరం పిఠాపురం మీ మావయ్యకి రాశాను. మేమంతా కులాసా అని రాశాను. మీ నాన్న ఆరోగ్యం బాగుంది, ఈ ఏడు ఏ చింతా లేదు అని రాశాను. అక్షరాలు బాగా కుదిరాయని మీ నాన్నకి చూపిస్తే, నా పేరు కూడా ఒకచోట వెయ్యవే అన్నారు. దొరబాబు అని రాశాను. మూడోరోజు చేలో గట్టు మీద పడిపోయారు. మీ మావయ్య వచ్చాడు. తన చొక్కా జేబులో నా ఉత్తరం ఉంది. ‘నీ ఉత్తరమూ ఈ కబురూ ఒక్క పూటే వచ్చాయి చెల్లీ’ అని ఏడ్చాడు. ఆ తర్వాత నేను ఎక్కడా బాగుందని రాయలేదురా. ఎవరడిగినా, ఏదోనండి, ఇలా ఉన్నాం అనే అన్నాను. నా మాట వల్ల ఇంకొకళ్లు పోకూడదని.”

సత్యప్రసాద్ విన్నాడు. అతనికి పన్నెండేళ్లప్పటి సంగతి. మావయ్య ఏడవడం గుర్తుంది గానీ జేబులో ఉత్తరం తెలియదు. ఒక్క క్షణం అతని ముఖం మెత్తబడింది. అంతలోనే చేతిలో పుస్తకం చూసుకున్నాడు.

“నీ భయం నీ దగ్గర పెట్టుకోవాల్సిందమ్మా. నీ భయానికి దీని మందు పోయింది. మందు పని చెయ్యట్లేదని వాళ్లెందుకన్నారో ఇప్పుడర్థమైంది. చెప్పింది నువ్వే.”

వెంకటదుర్గ చేతిసంచీ కుర్చీలో పెట్టి, లోపలి గదిలోకి వెళ్లి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

బుల్లెమ్మ ఆ గది గుమ్మం దాకా వెళ్లింది. మూడేళ్ల కిందటి వీపు. అదే మంచం, అదే గోడ. గుమ్మం దాటి లోపలికి వెళ్లే ధైర్యం లేక ఆమె గడప మీదే కూర్చుంది. సత్యప్రసాద్ కూడా వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. గోడ మీద గడియారం అయిదు నిమిషాలు కొట్టుకుంది.

వెంకటదుర్గ లేచింది. కొంగుతో కళ్లు తుడుచుకుని బయటికి వచ్చింది.

“లేవండి అత్తయ్యా. బస్సు వెళ్లిపోతుంది.”

* * *

బస్సు పాలకొల్లు దాటి, సిద్ధాంతం వంతెన ఎక్కి, రావులపాలెం చేరింది. బుల్లెమ్మ కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా అరటితోటల కేసి చూసింది. వంతెన మీద అందరూ గోదావరిలోకి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకుంటే ఆమె చెయ్యెత్తలేదు. ఏం కోరుకోవాలో తెలియలేదు.

డాక్టరు శశిభూషణ్‌కి నలభై అయిదేళ్లుంటాయి. మెల్లగా మాట్లాడతాడు. మందు డబ్బా తీసుకుని గుళికలు లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకున్నాడు.

“కంపెనీ మొన్ననే చెప్పిందండి, దుర్గగారికి ఇచ్చింది అసలు మందే. ఉత్త గుళిక కాదు,” అన్నాడు. “కానీ చాలా ఊళ్లలో కలిపి నాలుగు వందల మందికి పైగా ఇచ్చారు. చివరికి లెక్క చూస్తే అసలు మందు వేసుకున్నవాళ్లూ, ఉత్త గుళిక వేసుకున్నవాళ్లూ దాదాపు ఒకలాగే ఉన్నారు. అందుకే ఆపేశారు. ఇక దీన్ని తయారు చెయ్యరు.”

సత్యప్రసాద్ బస్సెక్కకముందు అనుకున్న మాటలేవీ అతనికి ఇప్పుడు పనికిరాలేదు. ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

బుల్లెమ్మ లేచి నిలబడింది.

“కూర్చోండి మామ్మగారూ.”

“నిలబడే చెప్తానండి. నేను మీకు దొంగ లెక్క రాసిచ్చానండి. ఈ పిల్ల ఎనిమిదంటే మూడు రాశాను. పది పుస్తకాలూ అంతే. మందుది తప్పు లేదండి. మా కోడలిదీ లేదు. నాదే. కంపెనీ వాళ్లకి మీరు చెప్పి, మళ్లీ తయారు చెయ్యమనాలండి.”

డాక్టరు ఆమె ముఖం కేసి చూశాడు. ఎందుకు రాశారని అడగలేదు.

“ఇంటి పుస్తకం ఒక్కటే కాదు మామ్మగారూ. నెలనెలా నేను దుర్గగారిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి ఒక పత్రం నింపేవాణ్ని. అసలు లెక్క దాన్నిబట్టే. మీ పుస్తకం దాని పక్కన పెట్టి చూసేది, అంతే.”

“మరి ఆ పత్రంలో?”

ఆయన జవాబు చెప్పేలోపు వెంకటదుర్గ అంది, “అందులో నేనూ నిజం చెప్పలేదండి.”

సత్యప్రసాద్ భార్య వైపు తిరిగాడు.

“నిద్ర పడుతోందా అంటే పర్లేదండి అన్నాను. పని చేసుకోగలుగుతున్నారా అంటే కొంచెం అన్నాను.” ఆమె బల్ల అంచుని గోటితో గీస్తోంది. “పూర్తిగా బాగుందంటే, ఇంక నీకెందుకని మందు ఆపేస్తారేమో అనుకున్నానండి. మళ్లీ ఆ గోడ వైపు తిరగడం… దానికన్నా అబద్ధమే నయమనిపించింది. ఇంట్లో అత్తయ్యతో నిజమే చెప్పేదాన్ని. ఆవిడ మా ఇంటి మనిషి కదా, ఎవరికీ చెప్పదులే అనుకున్నాను. పుస్తకంలో అంకెలు మీరు చదివి పత్రంతో పోల్చి చూస్తారని అప్పుడు తట్టలేదు.”

“బాగుంది,” అన్నాడు సత్యప్రసాద్. “ఇంట్లో ముగ్గురం ఉంటే నిజం చెప్పేవాణ్ని నేనొక్కణ్నే. నన్నెవరూ అడగలేదు.”

ఎవరూ నవ్వలేదు గానీ గదిలో బిగువు కొంచెం సడలింది. డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“దుర్గగారి మాటతీరు మారిందని నాకూ అనిపించేది. రెండోసారి అడిగేవాణ్ని. మీరు మళ్లీ పర్లేదండి అనేవారు. మీరు చెప్పిందే నేను రాయాలి. రాశాను.”

“అయితే మా వల్లేనా అండీ మందు పోయింది?” అంది బుల్లెమ్మ.

“మీ ఒక్క ఇంటి వల్ల నాలుగు వందల మంది లెక్క మారదు. అది నిజం. మిమ్మల్ని ఊరడించడానికి చెప్పడం లేదు. మిగతా ఇళ్లలో ఎవరెలా చెప్పారో మాత్రం నాకు తెలీదు. మందు దుర్గగారికి పని చేసిందా, దానంతట అదే తగ్గిందా, అది కూడా ఒక్కరిని చూసి తేల్చలేం. తెలీదనే చెప్పాలి.” ఆయన సొరుగు తీసి తెల్లకాగితం బయట పెట్టాడు. “కానీ మీరు చెప్పింది నేను పంపాలి. మీ చేత్తోనే రాసివ్వండి. వాళ్లేమీ మార్చకపోవచ్చు. కాగితాల్లో నిజం ఒకచోట ఉంటుంది.”

బుల్లెమ్మ కాగితం ముందు కూర్చుంది. తేదీ వేసింది. ‘నా కోడలు వెంకటదుర్గ ఈ మందు వాడిన తరువాత’ అని రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, పొందిగ్గా పడ్డాయి. తర్వాత రాయాల్సిన మాట దగ్గర కలం ఆగింది.

ఆమెకి అన్నగారి చొక్కా జేబు కనిపించింది. జేబు పైకి నీలం ఉత్తరం అంచు. అందులో తన మొదటి అక్షరాలు. సత్యప్రసాద్ “నేను రాస్తాలే అమ్మా,” అని ముందుకి వంగాడు. వెంకటదుర్గ అతన్ని చేత్తో ఆపింది. తన కుర్చీని అత్తగారి పక్కకి జరుపుకుంది.

“రాయండి అత్తయ్యా. నేనెక్కడికీ పోను.”

బుల్లెమ్మ ఆమె ముఖం కేసి చూసింది. ఓరగా కాదు. పది నెలల తర్వాత మొదటిసారి నేరుగా చూసింది. కళ్ల కింద నలుపు తగ్గింది. చెంపలు నిండాయి. నుదుటి మీద ఉదయం గోడకి ఆనిన చోట సున్నం మరక ఇంకా అలాగే ఉంది. కొంగుతో ఆ మరక తుడిచి, కాగితం వైపు వంగి రాసింది.

‘బాగుంది.’

రాశాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ముప్పయ్యారేళ్ల కిందట చావింట్లో అందరూ ఏడుస్తుంటే, ఉత్తరం రాసిన చేతుల్ని చూసుకుంటూ ఏడవని ఏడుపు అది.

* * *

నెంబరు మందు ఒక్కసారిగా మానకూడదని, రెండు వారాల పాటు తగ్గించుకుంటూ రమ్మని డాక్టరు లెక్కకట్టి గుళికలు ఇచ్చాడు. ఆ తర్వాత బజారులో దొరికే వేరే మందు మొదలుపెట్టాడు. అది కుదరకపోతే ఇంకొకటి ఉందన్నాడు. ఈసారి మాత్రం పర్లేదండి అనొద్దని వెంకటదుర్గతో రెండుసార్లు చెప్పాడు.

కొత్త మందు మొదట్లో కుదరలేదు. నాలుగో వారానికి వెంకటదుర్గ అల్లడం తగ్గిపోయింది. పువ్వు సగంలో వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆసుపత్రివాళ్లు ఇంక పసుపచ్చ పుస్తకం ఇవ్వరు కాబట్టి బుల్లెమ్మ కొడుకు చేత బడిపిల్లల నోటుపుస్తకం తెప్పించి, స్కేలు పెట్టి తనే గీతలు కొట్టింది. రోజూ సాయంత్రం దీపం పెట్టాక కోడలి పక్కన కూర్చునేది.

“ఎంతమ్మాయ్?”

“మూడు అత్తయ్యా.”

మూడు రాసేది. ఇప్పుడు ఆ మూడు నిజం మూడు. డాక్టరు ఆ పుస్తకం చూసి మందు మోతాదు పెంచాడు. మరో మూడు వారాలకి నాలుగు పడింది. ఆ మర్నాడు మళ్లీ మూడు. ఆ వారం చివర అయిదు.

అయిదు పడిన సాయంత్రం వెంకటదుర్గ వరండా మెట్టు మీదికి వచ్చి కూర్చుంది. సగంలో ఆగిన పువ్వు తీసి, ఎక్కడ వదిలేసిందో వెతుక్కుంటూ రెండు కుట్లు వేసింది. రేవులోంచి అప్పుడే వచ్చిన సత్యప్రసాద్ కాళ్లు కడుక్కుంటున్నాడు. బుల్లెమ్మ అయిదు రాసి, సంతకం పెట్టి, పుస్తకం మూయబోయింది.

“అత్తయ్యా, మరి మీదెంత?” అంది వెంకటదుర్గ.

“నాదేంటి?”

“మీ మనసు ఎలా ఉందని.”

“నాకెందుకే అమ్మాయ్, ముసలిదాన్ని. నేను మందు వేసుకుంటున్నానా?”

“మందు వేసుకోనివాళ్లకి మనసుండదా?”

దొరబాబు పోయాక ఎందరో వచ్చి తిన్నావా, పడుకున్నావా అని అడిగారు. కొడుకు మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతాడు. ఈ మాట ఎవరూ అడిగినట్టు బుల్లెమ్మకి గుర్తు రాలేదు.

“చాలా ఏళ్ల నుంచి రెండమ్మా,” అంది చివరికి. “అంతకన్నా ఎక్కువుంటే భయం నాకు.”

“ఇవాళ?”

ఆమె కోడలి చేతిలో దారం కదలడం చూస్తూ కూర్చుంది. వెంకటదుర్గ లేసు పక్కన పెట్టి, పుస్తకం తీసుకుని, తన అయిదు పక్కనే ఇంకొక అయిదు వేసి అత్తగారి ముందు పట్టుకుంది.

“ఇంతేనా?”

బుల్లెమ్మ ఆ అంకె కేసి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

“ఇంకొక్కటి ఎక్కువ వెయ్యి.”